40 వేల జనాభా ఉన్న మా ఊరి మురుగునీటిని ఎలా శుద్ధి చేస్తారు? ఏ పద్ధతి సరిపోతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది సుమారు 40 వేల జనాభా ఉన్న మునిసిపాలిటీ. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు. ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులు, వీధులకు సైడు కాలువలు. అన్నీ కలిసి ఒక పెద్ద కాలువై ఊరి చెరువులో పడుతున్నాయి. ఇప్పుడు చెరువు పక్కన ఎస్‌టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, కడతామంటున్నారు. అది ఎలా పనిచేస్తుంది, మీ ఊరికి ఏ పద్ధతి మంచిది, వాసన వస్తుందా, చెరువు మళ్లీ బాగుపడుతుందా?

నేను పబ్లిక్ హెల్త్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మురుగునీటి ప్లాంట్ల డిజైన్లు చూశాను, కట్టించాను, కట్టినవాటిని నడిపించాను కూడా. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు సూటి జవాబు. మురుగును శుద్ధి చేసేవి సూక్ష్మజీవులు. వాటికి కావలసిన గాలి, టైమూ ఇచ్చి, పని అయ్యాక వాటిని నీటి నుంచి వేరు చేయడమే ప్లాంటు చేసేది. మీ ఊరికి పదీ పదిహేను ఎకరాల ప్రభుత్వ భూమి దొరికితే స్టెబిలైజేషన్ పాండ్లు, అంటే వరస చెరువుల పద్ధతి, మేలు. దొరక్కపోతే ఎస్‌బీఆర్ లాంటి, గాలి కొట్టి నడిపే మెషిన్ల ప్లాంటు కట్టుకోవాల్సిందే. కానీ పద్ధతి ఎంచుకోవడం మూడో ప్రశ్న. మొదటిది, మురుగు అసలు ప్లాంటు దాకా వస్తుందా? రెండోది, ఐదేళ్ల తర్వాత దాన్ని ఎవరు నడుపుతారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు? నేను చూసిన ఆగిపోయిన ప్లాంట్లలో ఎక్కువ భాగం ఈ రెండిట్లో ఏదో ఒకదాని దగ్గర ఆగినవే.

ఎన్ని నీళ్లు వస్తాయో ముందు కొలవాలి

కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ ప్రకారం డ్రైనేజీ పైపులైన్లు ఉన్న ఊళ్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలి. అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని లెక్క. 40 వేల మందికి అది రోజుకు 43 లక్షల లీటర్లు. మా భాషలో 4.3 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లు ఒక ఎంఎల్‌డీ). డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు వివరాల రిపోర్టులో, ఈ అంకెను రాబోయే జనాభాకు తగ్గట్టు ఇంకా పెంచుతారు.

అయితే మీ ఊళ్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంటే, శివారు కాలనీలు బోర్ల మీద బతుకుతుంటే, కాలువలో పారేది ఈ లెక్కలో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి కాలువ చివర వీ-నాచ్ (ప్రవాహం కొలవడానికి వీ ఆకారంలో గాటు పెట్టిన పలక) కట్టి కనీసం ఒక వారం రాత్రింబవళ్లు కొలవాలి. నడివేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఇంకోసారి. ఇదేమీ పెద్ద ఖర్చు కాదు. ఇద్దరు మనుషులు, ఒక చెక్క పలక, ఒక స్కేలు, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. అయినా చాలా డీపీఆర్‌లలో ఇది కనిపించదు.

ఇది చేయకపోతే ఏమవుతుందో ఒక ఊళ్లో చూశాను. కాగితం లెక్కతో కట్టిన ప్లాంటుకు వస్తున్న మురుగు దాని కెపాసిటీలో మూడో వంతు. గాలి కొట్టే మెషిన్లు, అంటే బ్లోయర్లు, మాత్రం మొత్తానికి సరిపడేవి పెట్టారు. వాటిని నడిపితే కరెంటు దండగ, గాలి ఎక్కువై తిండి చాలక సూక్ష్మజీవులు చచ్చి వాటి ముద్ద విడిపోతుంది. ఆపితే కుళ్లు వాసన. తర్వాత ఒక ట్యాంకును ఖాళీ చేసి పక్కనపెట్టి, చిన్న బ్లోయర్ కొని బిగిస్తేగానీ దారికి రాలేదు. అందుకే చిన్న ఊళ్లో ఒకే పెద్ద ట్యాంకు బదులు రెండు మూడు వరసలుగా కట్టమని నేను గట్టిగా చెబుతాను. మురుగు పెరిగేకొద్దీ ఒక్కో వరస వాడుకలోకి తెచ్చుకోవచ్చు.

ఇంకో సంగతి. మురుగు రోజంతా ఒకేలా రాదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఊరంతా స్నానాలు, గిన్నెలు, బట్టలు. ఆ వేళ వచ్చే ప్రవాహం సగటుకు రెండు రెండున్నర రెట్లు ఉంటుంది. అర్ధరాత్రి దాటాక సన్నటి ధార మాత్రమే. చిన్న ఊళ్లలో ఈ తేడా మహానగరాల్లో కంటే ఎక్కువ. ప్లాంటు మొదట్లో ఈ హెచ్చుతగ్గులను సర్దే పెద్ద సంపు లేకపోతే మిగతావన్నీ రోజూ ఇబ్బంది పడతాయి.

మురుగును ప్లాంటు దాకా తేవడం

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ. ఇంటి మరుగుదొడ్డి, స్నానాల గది, వంటింటి నీళ్లన్నీ పైపులో పడి మ్యాన్‌హోళ్ల మీదుగా వాలు వెంట పోతాయి. పైపులో నీరు కనీసం సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలి. లేకపోతే ఇసుక, మలం అడుగున పేరుకుంటాయి. ఊరు బల్లపరుపుగా ఉంటే ఈ వాలు కోసం పైపు లోతుకు, ఇంకా లోతుకు పోతుంది. చివరికి ఐదారు మీటర్ల లోతున మ్యాన్‌హోల్, అక్కడో పంపింగ్ స్టేషన్. డెల్టా ఊళ్లలో అయితే భూగర్భ జలం పైపైనే ఉంటుంది. జాయింట్లు సరిగా లేకపోతే ఊరి మురుగుతో పాటు ఊట నీరు కూడా ప్లాంటుకు చేరుతుంది. దాన్ని కూడా పంపు చేయాలి, దానికి కూడా బిల్లు కట్టాలి.

దీన్ని మించిన చిక్కు ఇంటి కనెక్షన్లు. వీధిలో పైపు వేయడం కాంట్రాక్టరు పని, బిల్లు వస్తుంది కాబట్టి అయిపోతుంది. ఇంట్లోంచి ఆ పైపు దాకా కలపాలంటే ఇంటివాళ్లు వాకిట్లో గచ్చు పగలగొట్టాలి, సెప్టిక్ ట్యాంకును పక్కన పెట్టాలి, కనెక్షన్ ఫీజు కట్టాలి. "ఉన్నది బాగానే ఉంది కదా" అని ఊరుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. కోట్లు పెట్టి పైపులు వేశాక సగం ఇళ్లు కలవని ఊరు నాకు తెలుసు. ఆ తర్వాత ఇంకో ఊళ్లో అదే కాంట్రాక్టులో ఇంటి గేటు లోపలి చాంబర్ దాకా పని కలిపి, ఇంటివాళ్ల దగ్గర డబ్బు అడగకుండా చేయించాం. కనెక్షన్లు చాలా త్వరగా అయ్యాయి. మీ కౌన్సిలర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: అంచనాల్లో ఇంటి కనెక్షన్లు ఉన్నాయా?

రెండో దారి, మీ ఊరికి ఇప్పటికిప్పుడు కుదిరేది, ఇంటర్‌సెప్షన్ అండ్ డైవర్షన్. కాలువ చెరువులో పడే చోటికి కాస్త ఎగువన అడ్డంగా చిన్న గోడ కడతారు. మామూలు రోజుల్లో నీరంతా పక్క సంపులోకి మళ్లి అక్కడి నుంచి ప్లాంటుకు పంపు అవుతుంది. పెద్ద వాన పడితే ఎక్కువైన నీరు గోడ మీంచి పొర్లి పాత దారినే పోతుంది. వీధులన్నీ తవ్వక్కర్లేదు. ఒక లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్లలో వాడిన నీటి శుద్ధికి 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ రెండో దశలో నిధులున్నాయి. ఈ మాదిరి పనులకు అది ఉపయోగపడుతుంది.

దీని లోపాలు కూడా చెప్పాలి. తెరిచిన కాలువలో వచ్చేది మురుగు ఒక్కటే కాదు. రోడ్డు ఇసుక, కొబ్బరి బోండాలు, టిఫిన్ బండ్ల పేపర్ ప్లేట్లు, కోడి మాంసం దుకాణాల ఈకలు కూడా. వాన మొదలైన తొలి గంటలో వచ్చే నీరైతే నెలల చెత్తను మోసుకొస్తుంది. ఇంకా ముఖ్యమైనది, ఈ గోడ ఊరి చివర నీటిని మాత్రమే పట్టుకుంటుంది. మీ వీధి కాలువ, దాని దోమలు అలాగే ఉంటాయి. కాబట్టి ముందు డైవర్షన్, ఆ తర్వాత వార్డుల వారీగా పైపులు, ఇలా దశలుగా వెళ్లడం నా అభిప్రాయంలో మీలాంటి ఊరికి సరైన వరస.

ప్లాంటులో జరిగేది

ముందు జల్లెడలు. 20 మిల్లీమీటర్ల సందులున్న కడ్డీల స్క్రీన్, దాని తర్వాత 6 మిల్లీమీటర్ల సన్న స్క్రీన్. షాంపూ సాచెట్లు, గుట్కా ప్యాకెట్లు, వెంట్రుకల చుట్టలు, శానిటరీ ప్యాడ్లు అన్నీ ఇక్కడ ఆగాలి. వెంట్రుకలు దాటిపోతే పంపు లోపల తిరిగే ఇంపెల్లర్‌కు తాడులా పేనుకుని మోటారు కాలిపోతుంది. తర్వాత గ్రిట్ చాంబర్. నీటి వేగం తగ్గించి ఇసుకను అడుగుకు దింపుతారు. ఈ రెండూ ఎవరికీ పట్టని భాగాలు. ప్లాంటు చూడటానికి వచ్చే పెద్దలు నేరుగా నురగలు లేచే ట్యాంకు దగ్గరికే వెళ్తారు. నేను మాత్రం ఏ ప్లాంటుకు వెళ్లినా మొదట స్క్రీన్ దగ్గర నిలబడతాను. అక్కడి చెత్తను ఈరోజు తీశారా, తీసి ఎక్కడ వేశారు అన్నది చూస్తే లోపల ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఆ తర్వాతదే అసలు శుద్ధి. మురుగు బలాన్ని బీఓడీతో కొలుస్తాం. అందులోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయన్నది ఈ కొలత. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. పైపుల్లో వచ్చే ఇంటి మురుగులో ఇది లీటరుకు 250 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. తెరిచిన కాలువ నీటిలో అంతకంటే తక్కువ. మొదటి లెక్కన మీ 40 వేల మంది నుంచి రోజుకు టన్నుకు పైగా బీఓడీ వస్తుంది. దాన్ని తీసేయడానికి ఇంచుమించు అంతే బరువు ఆక్సిజన్‌ను నీటిలో కరిగించాలి. నీటిలో ఆక్సిజన్ సులువుగా కరగదు. ప్లాంటు కరెంటు బిల్లులో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, ఈ గాలి కొట్టడానికే పోతుంది.

గాలి కొట్టే ట్యాంకులో సూక్ష్మజీవులు ముద్దలుగా చేరతాయి. గాలి ఆపితే ముద్దలు అడుగుకు దిగుతాయి, పైన తేట నీరు మిగులుతుంది. ఆ ముద్దలో కొంత మళ్లీ ట్యాంకులోకే పంపుతారు, పెరిగిన భాగాన్ని బయటికి తీస్తారు. దీన్నే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి అంటారు. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు దీన్ని లోకానికి చూపించారు. ఇప్పుడు వినబడే ఎస్‌బీఆర్ దాని వారసురాలే. గాలి కొట్టడం, తేర్చడం, తేట నీరు తీయడం మూడూ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరుగుతాయి. మూడూ కలిసిన ఒక్కో చుట్టు మూడు నాలుగు గంటలు.

కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు దగ్గర్లో నడుస్తున్న ప్లాంటు నుంచి ట్యాంకరుతో స్లడ్జ్, అంటే ఈ ముద్ద, తెచ్చి పోస్తారు. దొరక్కపోతే ఆవుపేడ కలిపిన నీళ్లు పోసి గాలి కొడతారు. సూక్ష్మజీవులు సరిపడా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ రోజుల్లో తెల్లటి నురగ లేస్తుంది, చూసి కంగారు పడనక్కర్లేదు.

ఒక లీటరు గాజు జాడీ

నడపడం గురించి ఒకటి వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని మీరు కూడా చూసి అర్థం చేసుకోవచ్చు. ప్రతి ప్లాంటులో ఒక లీటరు కొలజాడీ ఉండాలి. ఆపరేటరు గాలి ట్యాంకులోంచి దాని నిండా నీళ్లు తీసి కదలని బల్ల మీద పెట్టి 30 నిమిషాలు చూస్తాడు. దీన్ని ఎస్‌వీ-30 అంటారు. మొదట జాడీ అంతా గోధుమ రంగులో ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో పాలు విరిగినట్టు ముద్దలు విడివడతాయి. ముద్దల మధ్య తేట నీటి దారులు కనిపిస్తాయి. ఆ తర్వాత మొత్తం కలిసి ఒక గీత ఏర్పడి మెల్లగా కిందికి దిగుతుంది. అరగంటకు ఆ గీత 200, 300 మిల్లీలీటర్ల మధ్య నిలిచి, పైన నీటిలోంచి అవతల పేపరు చదవగలిగేలా ఉంటే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు.

గీత 600 దగ్గరే ఆగిపోతే ముద్ద మరీ ఎక్కువైంది, బయటికి తీయాలి. లేదా దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగి ముద్ద ఉబ్బింది. కొత్త నీళ్లు కలిపి పలచన చేసి మళ్లీ పెడితే ఈ రెండిట్లో ఏదో తేలుతుంది: పలచన చేశాక బాగా దిగితే ముద్ద ఎక్కువైనట్టు, అప్పుడూ దిగకపోతే ఉబ్బినట్టు. గీత బాగా కిందికి దిగినా పైన నీరు మబ్బుగా, సన్నటి నలుసులతో ఉంటే సూక్ష్మజీవులకు తిండి చాలడం లేదని. జాడీ నల్లగా ఉండి కుళ్లు వాసన కొడితే గాలి అందడం లేదు. అంటే బ్లోయర్ ఆగింది, లేదా అడుగున గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్లు పూడుకుపోయాయి.

ఒక చిన్న ఊరి ప్లాంటులో ఐటీఐ చదివిన కుర్రాడు ఆపరేటరుగా ఉండేవాడు. రోజూ పొద్దున ఒకే వేళకు జాడీ పెట్టి, పక్కనే గోడ మీద సుద్దముక్కతో అంకె రాసేవాడు. ఒక వారం అంకెలు ఉన్నట్టుండి పెరుగుతూ పోయాయి, ముద్ద రంగు నలుపు తిరిగింది. లాబ్ రిపోర్టు రావడానికి ఇంకా రోజులుంది. అతను ఆ అంకెలు చూసే సెప్టిక్ ట్యాంకు బండి ఏదో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో పోస్తోందని అనుమానపడ్డాడు. రెండు రాత్రులు కాపలా పెడితే బండి దొరికింది. ఆన్‌లైన్ సెన్సార్లు ఆ ప్లాంటులోనూ ఉన్నాయి. వాటి ప్రోబ్‌లు తుడిచేవారు లేక చాలాకాలంగా ఒకే అంకె చూపిస్తున్నాయి.

ఇలాంటి మనిషికి నెలనెలా సరిగ్గా జీతం అందాలి, కాంట్రాక్టరు మారినా అతను మారకూడదు. నేను నా సర్వీసులో అధికారులతో ఎక్కువ వాదించింది దీని గురించే.

ఏ పద్ధతి?

*వరస చెరువులు.* మొదట మూడు నాలుగు మీటర్ల లోతైన, గాలి అందని ఎనరోబిక్ పాండ్, తర్వాత మీటరున్నర లోతు ఉన్న, పైన మాత్రం గాలి అందే ఫ్యాకల్టేటివ్ పాండ్, చివర లోతు తక్కువున్న, రోగక్రిములు చచ్చే మెచ్యురేషన్ పాండ్లు. మొత్తం మీద నీరు పది పదిహేను రోజులకు పైగా నిలుస్తుంది. ఇక్కడ బ్లోయర్ ఉండదు. ఎండలో పెరిగే పచ్చటి నాచు వదిలే ఆక్సిజన్‌తోనే బ్యాక్టీరియా పనిచేస్తుంది. మన వేడి దీనికి బాగా కలిసొస్తుంది. రోగక్రిములను, ముఖ్యంగా నులిపురుగుల గుడ్లను తొలగించడంలో మెషిన్ ప్లాంట్ల కంటే ఇదే నయం. ఎంఎల్‌డీకి రెండు మూడు ఎకరాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. పైకి ఏ పనీ లేనట్టు కనిపిస్తుంది గానీ గట్ల మీద గడ్డి కోయాలి, గుర్రపుడెక్క రాకుండా చూడాలి, కొన్నేళ్లకోసారి పూడిక తీయాలి. పట్టించుకోకపోతే గుర్రపుడెక్క పరుచుకుని ఎండ అందక చెరువు చచ్చిపోతుంది. నాచు వల్ల బయటికొచ్చే నీరు ఆకుపచ్చగా ఉంటుంది. పొలాలకు అది ఇబ్బంది కాదు.

*ఎస్‌బీఆర్.* ఎంఎల్‌డీకి పావు నుంచి అర ఎకరం చాలు. బాగా నడిపితే బీఓడీని లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపుకు తెస్తుంది. కానీ ఎంఎల్‌డీకి రోజుకు 150 నుంచి 250 యూనిట్ల దాకా కరెంటు కావాలి. మీ 4.3 ఎంఎల్‌డీకి రోజుకు 800 యూనిట్లకు పైనే అనుకోండి. యూనిట్ 7 రూపాయలైతే నెలకు దాదాపు లక్షా 80 వేలు, కరెంటు ఒక్కటే. జీతాలు, రిపేర్లు, రసాయనాలు వేరే. అంతా పీఎల్‌సీ అనే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ప్రోగ్రాం మీద నడుస్తుంది కాబట్టి ఒక వాల్వు పాడైతే స్పేరు ఎక్కడి నుంచో రావాలి.

*ఎంబీబీఆర్.* చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కల మీద సూక్ష్మజీవులు పెరుగుతాయి. అపార్టుమెంట్లలో మీరు చూసే ఉంటారు. హెచ్చుతగ్గులను తట్టుకుంటుంది. ఊరి మొత్తానికి కంటే ఒక బస్‌స్టాండు, ఆసుపత్రి, కాలనీ లాంటి చోట్లకు నాకు నచ్చుతుంది.

*మొక్కల తడినేల.* కంకర పరిచిన గుంటలో జమ్ము, మెట్టతామర లాంటి మొక్కల వేళ్ల మధ్య నుంచి నీరు పారుతుంది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కొత్తపల్లి గ్రామంలో ఇలాంటిది చేసి చూపించారు. ఊరికి దూరంగా ఉన్న ఒక వార్డుకు, కొత్త లేఅవుటుకు బాగుంటుంది. 40 వేల మందికి సరిపోయే స్థలం దొరకడం కష్టం. కంకర పూడుకుపోకుండా ముందు సెటిలింగ్ ట్యాంకు తప్పనిసరి.

ఇక నిబంధనల మాట. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో మెట్రోలు కాని ఊళ్లకు బీఓడీ పరిమితి 30. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి తగ్గించాలంది. టెండర్లలో ఇప్పుడు ఎక్కువగా 10 అనే రాస్తున్నారు. పాండ్లు ఒంటరిగా ఆ 10ని నమ్మకంగా అందుకోవడం కష్టం. అందుకే కన్సల్టెంట్లు వాటిని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు. నా అభిప్రాయం వేరు. కరెంటు బిల్లు కట్టలేక ఆగిపోయిన ప్లాంటు నుంచి వచ్చేది బీఓడీ 10 నీరు కాదు, పచ్చి మురుగు. భూమి ఉన్న ఊళ్లో పాండ్ల తర్వాత కంకర ఫిల్టరో, తడినేలో జోడించి ఆ పరిమితికి దగ్గరగా తేవడానికి వీలుందేమో మీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో ముందే మాట్లాడమని చెబుతాను.

సెప్టిక్ ట్యాంకులను మరిచిపోకండి

మీ ప్రశ్నలో ఇది లేదు గానీ మీ ఊరికి ఇదే సగం సమస్య. సెప్టిక్ ట్యాంకు బీఓడీలో మూడో వంతో, మహా అయితే సగమో తగ్గిస్తుంది. మిగతాది నీటితో బయటికే వస్తుంది. దాని ఔట్‌లెట్ ఇంకుడు గుంతలోకి పోవాలి. మన ఊళ్లలో ఎక్కువగా సైడు కాలువలోకే పెడతారు. అడుగున పేరుకున్న మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి. పదేళ్లకో, పొంగినప్పుడో బండిని పిలుస్తాం. నిండిపోయిన ట్యాంకు ఇక ఏమీ శుద్ధి చేయదు, వచ్చింది వచ్చినట్టు బయటికి తోస్తుంది.

లెక్క వేయండి. 10 వేల ఇళ్లు మూడేళ్లకోసారి తీయిస్తే, ఏడాదికి 300 పనిరోజులు అనుకుంటే, రోజుకు 11 బండ్లు. బండికి 4 వేల లీటర్ల చొప్పున 44 వేల లీటర్లు. మొత్తం మురుగులో ఇది ఒక శాతమే. కానీ అందులో ఉండే ఘనపదార్థం ఊరి మురుగంతటిలో ఉండేదానిలో సగం దాటొచ్చు. ఇప్పుడు ఆ బండ్లు ఎక్కడ పోస్తున్నాయి? కాలువలోనో, ఊరవతల పొలాల్లోనో, మీ చెరువు వెనకో.

దీనికి వేరే చిన్న ప్లాంటు కట్టొచ్చు. బెంగళూరు దగ్గరి దేవనహళ్లిలో 2015లో రోజుకు 6 వేల లీటర్ల మలవ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం మొదలైంది. వాలు మీద ఆధారపడి నడిచే పద్ధతి, ఎండబెట్టే బెడ్లు, ఎండినదాన్ని ఎరువుగా మార్చడం. మన దగ్గర వరంగల్, నరసాపురంలో ఎండిన మడ్డిని వేడితో బొగ్గుగా మార్చే ప్లాంట్లు వచ్చాయి. లేదా కొత్త ఎస్‌టీపీలోనే బండ్లకు ఒక రిసీవింగ్ పాయింట్ పెట్టొచ్చు. స్క్రీన్, ఒక ట్యాంకు, రిజిస్టరు. అందులోంచి రాత్రిపూట, మురుగు సన్నగా వచ్చే వేళ, కొద్దికొద్దిగా ప్లాంటులోకి వదలాలి. పైన చెప్పిన ఐటీఐ కుర్రాడి ఊళ్లో చివరికి చేసింది ఇదే. పట్టుబడ్డ బండి యజమానికి ఫైన్ వేసి ఊరుకోలేదు. పగటిపూట దగ్గర్లోనే పోసుకునే చోటు చూపించాం. డీజిల్ మిగులుతుంది కాబట్టి మిగతా బండ్లు కూడా వచ్చాయి.

దయచేసి ఎవరినీ ట్యాంకులోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ దించొద్దు, దిగుతామన్నా ఒప్పుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసనే తెలియదు. దిగిన మనిషి కూలిపోతాడు, కాపాడటానికి దిగినవాళ్లు కూడా పోతారు. రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మునిసిపాలిటీకి జెట్టింగ్, సక్షన్ మెషిన్లు ఉన్నాయో లేదో ప్లాంటు గురించి అడిగే రోజే అడగండి.

మడ్డి, వాసన, నీటి వాడకం

శుద్ధి అయ్యాక మిగిలే స్లడ్జ్ మీ ఊరికి రోజుకు నీరు పిండేసి ఆరబెట్టాక కూడా రెండు మూడు టన్నులు ఉంటుంది. డీపీఆర్‌లో నీరు ఎక్కడికి పోతుందో రాస్తారు, ఇది ఎక్కడికి పోతుందో ఒక్కోసారి ఉండదు. ఇసుక బెడ్ల మీద ఎండబెట్టడం మన ఎండలకు చవకైన దారి. వానాకాలానికి పైన షెడ్డో, చిన్న ప్రెస్సో కావాలి. ఊళ్లో ఆకు చెత్తతో కలిపి కంపోస్టు చేస్తే కుప్ప లోపల వేడికి క్రిములు చస్తాయి. పచ్చిగా మాత్రం పొలానికి ఇవ్వకూడదు.

వాసన సంగతి. సరిగ్గా నడిచే గాలి ట్యాంకు దగ్గర తడి మట్టి వాసన మాత్రమే ఉంటుంది. కుళ్లు వాసన వచ్చేది ఇన్‌లెట్ సంపు, స్క్రీన్ చెత్త, నిలవున్న స్లడ్జ్ దగ్గర. వాటికి మూతలు పెట్టి, చెత్తను ఏరోజుకారోజు తరలిస్తే గోడ అవతల తెలియదు. ఎనరోబిక్ పాండ్ మాత్రం ఇళ్లకు దూరంగా, గాలి ఊరి వైపు వీయని దిక్కున ఉండాలి. మీ వీధివాళ్లు భయపడుతున్నారంటే అర్థం ఉంది. దగ్గర్లో నడుస్తున్న ప్లాంటు ఒకటి చూపించమని అడగండి, చెప్పకుండా వెళ్లి చూడండి.

శుద్ధి అయిన నీటికి క్లోరిన్ కలిపి అరగంట నిలవ ఉంచుతారు. శుద్ధి సరిగా జరగని నీటికి ఎంత క్లోరిన్ పోసినా దండగే, అమ్మోనియా, మిగిలిన మలినం దాన్ని మింగేస్తాయి. ఈ నీరు పశుగ్రాసానికి, చెట్లకు, పత్తికి, రోడ్ల పనులకు బాగా పనికొస్తుంది. పచ్చిగా తినే కూరలకు ఇవ్వొద్దు. మూసీ వెంట రైతులు దశాబ్దాలుగా హైదరాబాద్ మురుగుతోనే పారాగడ్డి పెంచుతున్నారు. నీటి విలువ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు, దాన్ని ప్రమాదం లేకుండా అందించడమే మన పని. మీ చెరువు కింద ఆయకట్టు ఉంటే రైతులను మొదటి మీటింగుకే పిలవండి.

చెరువు బాగుపడుతుందా?

పడుతుంది, కానీ వెంటనే కాదు. మురుగు ఆపిన కొన్ని నెలల్లో వాసన తగ్గుతుంది. ఆకుపచ్చ రంగు, గుర్రపుడెక్క మాత్రం ఏళ్లు పట్టొచ్చు. ఇన్నేళ్లుగా అడుగున చేరిన పూడికలో నాచును పెంచే ఫాస్ఫరస్ ఉంటుంది, అది ఎండాకాలంలో మళ్లీ నీటిలోకి వస్తూనే ఉంటుంది. మామూలు ఎస్‌టీపీ నత్రజని, ఫాస్ఫరస్‌లను పూర్తిగా తీయదు. కాబట్టి శుద్ధి చేసిన నీటిని కూడా నేరుగా చెరువులోకి వదలకుండా, కాలువ ద్వారా పొలాలకు మళ్లించి మిగిలింది మాత్రమే వదిలితే మంచిది.

పూడిక తీయడం మురుగు ఆగాకే చేయాలి. ముందు పూడిక తీసి, గట్టు మీద వాకింగ్ ట్రాక్ వేసి, మురుగు అలాగే వదిలిన చెరువులు చూశాను, రెండు వానాకాలాలకే మళ్లీ మొదటికి వచ్చాయి. ప్లాంటు స్థలం ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌కు బయట ఉందో లేదో కూడా సర్వే మ్యాపులో చూసుకోండి. లోపల కడితే కోర్టు కేసుతో ఆగుతుంది, లేదా పెద్ద వానకు మునుగుతుంది.

ఇంకో పని మీరే చేయగలరు. ఈ ఏప్రిల్, మే నెలల్లో కాలువ పడే చోట, చెరువు మధ్యలో, అలుగు దగ్గర నీళ్లు పట్టి గుర్తింపు ఉన్న లాబ్‌లో బీఓడీ, అమ్మోనియా, ఫాస్ఫేట్, ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) పరీక్షలు చేయించి రిపోర్టులు దాచుకోండి. బీఓడీ శాంపిల్‌ను ఐస్ పెట్టెలో పెట్టి అదేరోజు అందించాలి. ప్లాంటు మొదలయ్యాక ఏటా అదే నెలలో అవే చోట్ల మళ్లీ చేయించండి. డీపీఆర్ కాపీ దొరికితే ఇక్కడ పెట్టండి, ప్రవాహం లెక్క, ఇంటి కనెక్షన్లు, నిర్వహణ బడ్జెట్ పేజీలు చూసి నాకు తోచింది రాస్తాను.